స్పోర్ లేచిందా, లేదా?

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో లెక్చరర్ ఇంటర్వ్యూ అంటే ఉచితంగా ఒక డెమో క్లాసు చెప్పడమే. విన్నవాళ్లలో కొందరైనా అడ్మిషన్ తీసుకుంటే మనకు ఉద్యోగం, లేదంటే చాయ్ తాగి ఇంటికి. మా అమ్మకు అంత ఓపిక లేదు. నేను డెమోకి వెళ్తున్నానని తెలిసిన ఆదివారమే బోరబండ చర్చిలో లేచి నిలబడి, బిడ్డకు కొలువిచ్చినందుకు దేవునికి స్తోత్రమని సాక్ష్యం చెప్పేసింది. ఇక ఉద్యోగం రాకపోతే దేవుడి ముందు అమ్మ అబద్ధమాడినట్టే.

నాకిచ్చిన పాఠం బాక్టీరియా స్పోర్. మధ్యాహ్నం బ్యాచ్, అందరూ బిర్యానీ తిని వచ్చారు. బాక్టీరియా గట్టి గోడ కట్టుకుని స్పోర్‌గా మారి ఏళ్ల తరబడి ఎలా పడుకుంటుందో చెబుతుంటే వెనక బెంచీలు ప్రాక్టికల్‌గా చేసి చూపించాయి. నేను వదల్లేదు. పడుకునే ముందే అది ఆ గోడను కోసే రెండు ఎంజైములను లోపల దాచుకుంటుందని, తిండి తగిలితే అవి పని మొదలుపెడతాయని, ఒకటి చేయకపోతే రెండోది కోస్తుందని, నీళ్లు చేరి ఉబ్బి లేస్తుందని మొత్తం చెప్పేశాను. పిల్లలు కూడా లేచారు. చప్పట్లు కొట్టి, బోర్డును ఫొటో తీసుకుని, పంజాగుట్టలో ఇంకో డెమోకి వెళ్లిపోయారు.

ఓనర్ నెత్తి పట్టుకున్నాడు. "మంచిగనే చెప్పిన్రు మేడం. గని మొత్తం చెప్తే ఇంక ఫీజెందుకు కడ్తరు? రేపు ఇంకో బ్యాచ్ ఉంది. జర గా గోడ కాడ ఆపుండ్రి."

నాకు ఒళ్లు మండింది. పాఠం మధ్యలో ఆపితే అన్నం పెట్టి కూర వేయనట్టుంటుంది. కానీ అమ్మ సాక్ష్యం గుర్తొచ్చి తలూపాను.

మర్నాడు నా మీద నమ్మకం లేక ఓనరే వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. నేను అంతా చెప్పి, చివరికి ఆ రెండు ఎంజైములూ లేని స్పోర్ ఒకదాన్ని బోర్డు మీద గీశాను. "తిండి ముందే ఉంది. గోడ తెగట్లేదు. లోపల ప్రాణముంది. దీన్ని లేపే దారుందా? అది అడ్మిషన్ అయ్యాక."

కొందరు నన్ను తిట్టుకుంటూనే రిసెప్షన్ దగ్గర ఆగారు. ఓనర్ మాత్రం లిఫ్ట్ దాకా నా వెంటే వచ్చాడు.

"మేడం, గా స్పోర్ లేస్తదా, లేదా?"

"కొలువిచ్చినంక చెప్త సార్."

తర్వాతి ఆదివారం అమ్మ మళ్లీ సాక్ష్యానికి లేచింది. ఈసారి నన్ను ప్రిన్సిపాల్‌ను చేసినందుకు స్తోత్రం చెప్పింది. మా సెంటర్‌లో అసలు ఆ పోస్టే లేదు.