బొటనవేలికి చల్లదనం తెలిసింది

తెలిసిందండీ! ఇవాళ పొద్దున స్టీలు గ్లాసు పట్టుకుంటే నా కుడి బొటనవేలికి చల్లదనం తెలిసింది! మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. పాసైన రోజు కూడా ఇంత గట్టిగా అరవలేదు.

తెలియకుండా పోయిన రోజు నుంచి చెప్తాను. మాది సీతాఫల్‌మండి. సిల్కు దారం చుట్టిన గాజులు చేసి సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతాను. ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఆఫీసుకి వేసుకెళ్తే ఆ ఫ్లోరంతా ఆర్డర్లు పెట్టేవాళ్ళు. ఆ రోజు గాజులకి రాళ్ళు అంటిస్తుంటే కాలిన వాసన వచ్చింది. వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏటే, ఏలు కాలిపోతంది, సూడవా?"

గ్లూ గన్ మొన నా బొటనవేలి మీదే ఉంది. నొప్పి లేదు. అందుకే భయం వేసింది. వేళ్ళు తిమ్మిరెక్కడం అంతకుముందే ఉంది కానీ, చెయ్యి విదిలిస్తే పోయేది కదా అని ఊరుకున్నాను.

ఆసుపత్రిలో నరం పనితీరు చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. "కార్పల్ టనెల్" అన్నారు డాక్టర్ గారు. "మణికట్టులో నర్వ్ నలుగుతోంది. బొటనవేలి కింద కండ చూడమ్మా, పల్చబడుతోంది. అది పోతే సర్జరీ చేసినా పూర్తిగా తిరిగి రాదు."

ఇంజెక్షన్ ఇచ్చి, మణికట్టు కదలకుండా స్ప్లింట్ కట్టారు. దారం చుట్టే పని పక్కింటి యాదమ్మక్కకి అప్పజెప్పాను.

"జెర ఆగరాదు బిడ్డా, గాజులు యాడికి పోతయ్?" అందామె.

హాయిగా అనిపించగానే పండగ ఆర్డర్లు తీసుకున్నాను. కొన్నాళ్ళకే జాకెట్టు హుక్కు పెట్టుకోవడం చేతకాలేదు. అమ్మ పెట్టింది. రెండో టెస్ట్ ఇంకా అధ్వానంగా వచ్చింది.

"చుట్టడం మానేశావా?" అడిగారు డాక్టర్ గారు.

"మానేశానండీ. కొసరు ఒక్కటే."

"కొసరేంటి?"

అమ్మ ఒకప్పుడు తోపుడు బండి మీద గాజులు అమ్మేది. డజను కొంటే ఒక గాజు కొసరు వేసేది. నేనూ ప్రతి సెట్టుకీ ఒకటి వేస్తాను. అది మాత్రం నా చేత్తోనే చుట్టాలని పట్టు. సెట్లతో పాటు కొసర్లూ పెరిగాయి.

ఆయన నా చెయ్యి టేబుల్ మీద పెట్టి, "అంటే మానలేదన్నమాట. కండ దక్కించుకోవడానికి ఇదే ఆఖరి ఛాన్స్" అన్నారు.

బస్సులో అమ్మ నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అంది: "కొసరంటే మన్దగ్గర మిగిలింది ఇయ్యడమే. నీకాడ ఏటి మిగిల్నాదే?"

ఆ వారమే సైట్‌లో కొసరు తీసేశాను. యాదమ్మక్క చుట్టగలిగినన్ని ఆర్డర్లు రాగానే ఆ నెలకి షాపు మూసేస్తున్నాను. "షాపు పెద్దదయింది, మనసు చిన్నదయింది" అని ఒక పాత కస్టమర్ మెయిల్ పెట్టింది.

బొటనవేలు తిరిగొచ్చింది. నడిమివేలు ఇంకా దూది చుట్టినట్టే ఉంది. వస్తుందా అంటే డాక్టర్ గారు "చూద్దాం" అంటారు, అంతే.

చేతిపని చేసేవాళ్ళకి ఒక్క మాట. విదిలిస్తే తిమ్మిరి పోతోంది కదా అని ఊరుకోకండి. విదిలించాల్సి వచ్చిన రోజే డాక్టర్‌కి చూపించుకోండి.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు: లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో డ్యూటీలో ఉన్న నాన్న. మౌలాలి అత్త. యాదమ్మక్క, గోడ అవతలే ఉన్నా సరే. కూతురి పెళ్ళికి వచ్చే ముత్తయిదువలందరికీ నా చేత్తో చుట్టిన గాజులే కావాలని పట్టుబట్టిన పెళ్ళికూతురి తల్లి. ఆవిడకి కుదరదని చెప్పాలి. ముందు ఆవిడకే చేస్తున్నాను.