బండికి ఆమె పోసిన నీళ్లు

మా కారు డిక్కీలో ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉండేది. అందులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు. నా భార్య పోసిన నీళ్లు. ఆమె పోయి ఏడాది దాటినా అవి అట్లాగే ఉన్నాయి.

ఆ డబ్బా తీసేస్తే తప్ప బండికి ఫిట్‌నెస్ ఇవ్వనన్నాడు ఆర్టీవో ఆఫీసులో మనిషి. పదిహేనేళ్లు నిండిన డీజిల్ బండి మాది. కాగితాలు పొడిగించుకోవాలంటే చూపించక తప్పదు. ఆయన టైర్లు తన్ని చూశాడు, లైట్లు వేయించి చూశాడు, డిక్కీ తెరిచి ఆగిపోయాడు.

"ఇదెన్న పెరియవరే?" ఇదేంటి పెద్దాయనా అని.

ఇంజనుకు నీళ్లు చిమ్మేదని చెప్పాను.

"రేడియేటరుకా?"

"కాదు. ఇంజను లోపలికే."

ఆయన పక్క టేబుల్ వాడిని పిలిచాడు. ఇద్దరూ కలిసి నవ్వారు. ఆ తరువాత "ఎడుత్తుడుంగ, ఎడుత్తుట్టు వాంగ" అన్నాడు. తీసేసి రమ్మని. నాకు ఒళ్లు మండింది. తెలియదంటే చెబుతాను, ఎంతసేపైనా నిలబడి చెబుతాను. తెలియకుండానే నవ్వేవాళ్లకు ఏం చెప్పాలి? డెబ్బై దాటినా ఆ నవ్వు నాకు అలవాటు కాలేదు.

మీరు కూడా నవ్వకముందే సంగతి చెప్పేస్తాను. తిరువళ్లూరులో పంపులూ, పైర్లకు మందు కొట్టే స్ప్రేయర్లూ అమ్మే కొట్టు మాది. ఎనిమిదో తరగతితో నా బడి అయిపోయింది. మిగతాదంతా పాతకాగితాల కొట్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకాలు, పక్కన ఒక నిఘంటువు. వాటిలో ఒకటి యుద్ధకాలపు విమానాల ఇంజన్ల మీద. విమానం బలంగా పైకి లేవాల్సి వచ్చినప్పుడు నీళ్లూ ఆల్కహాలూ కలిపి ఇంజనులోకి చిమ్మేవారట. చదివి ఊరుకున్నాను. చాలా ఏళ్ల తరువాత ఈ టర్బో బండి కొన్నాక గుర్తొచ్చింది.

టర్బో అంటే పెద్ద మాయ కాదు. బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం గాలిని అదిమి ఇంజనులోకి తోస్తుంది. సైకిలు పంపు గబగబా కొట్టి కింద పట్టుకుంటే చేయి కాలుతుంది కదా, అదిమిన గాలి అట్లా వేడెక్కుతుంది. వేడి గాలి పలచన. అందులోకి మంచు లాగా నీళ్లు చిమ్మితే గాలి చల్లబడి చిక్కబడుతుంది, ఇంజను తేలిగ్గా లాగుతుంది. బ్యాటరీ స్ప్రేయరులోని చిన్న పంపు, మందు కొట్టే నాజిలు, గాలి ఒత్తిడి పెరిగినప్పుడే పంపును తిప్పే ఒక స్విచ్చి, పంపు తిరిగితే వెలిగే పచ్చ దీపం. అన్నీ మా కొట్లో ఉన్నవో, పక్క వీధిలో దొరికేవో. డబ్బా ఒక్కటే కొత్తది.

ఆల్కహాలు దొరకలేదు. మద్రాసులో రసాయనాల అంగడికి పోయి మిథనాల్ కావాలంటే, వాడు నన్ను పైనుంచి కిందకు చూసి, సారా కాస్తావా పెద్దాయనా అన్నట్టు ముఖం పెట్టాడు. దానికి లైసెన్సు కావాలి. అది తాగి మనుషులు చచ్చిపోయే నేల మీద ఆ కట్టుబాటు న్యాయమే, నేను తప్పు పట్టను. కానీ ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పట్టిన తప్పు వేరే.

"ఇంట్లో మొగోడు తాగడని నేను సంతోషంగా ఉంటే, బండికి తాపతానంటాండావా బావా?"

ఆమె మా మేనమామ కూతురు. పెళ్లికి ముందూ బావే, తరువాతా బావే.

చివరికి ఒట్టి నీళ్లే. అవి కూడా బోరు నీళ్లు కాదు. మా ఊరి బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లగా ఉప్పు పడుతుంది, నాజిలుకూ పడుతుంది. మా పక్కది నగల అంగడి. వాళ్ల ఏసీ గొట్టం పగలంతా మా మెట్ల మీద కారేది. దాని కింద ఆమె ఒక స్టీలు బిందె పెట్టింది. ఆ నీళ్లు అచ్చం బ్యాటరీ నీళ్లంత శుభ్రం. అందులోని శాస్త్రం ఆమెకు పట్టలేదు. మెట్లు తడవడం లేదని మాత్రం సంతోషించింది.

కొత్తలో ఒకసారి తిరుత్తణి పోయాం. దర్శనమయ్యాక నేను చెప్పుల దగ్గర నిలబడి ఉంటే ఆమె ముందు నడిచిపోయి డిక్కీ తెరిచి మూసింది. ప్రసాదం పెట్టిందనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు తిరువాలంగాడు దగ్గర చెరకు ట్రాక్టరును దాటబోతే బండి మొరాయించింది. పచ్చ దీపం వెలుగుతోంది, పంపు తిరుగుతోంది, కానీ వెనక నల్లటి పొగ. పక్కకు తీసి నాజిలు విప్పాను. పసుపుపచ్చగా ఏదో అంటుకుని ఉంది. వాసన చూస్తే గంధం.

"ఏమే, డబ్బాలో ఏం పోసినావు?"

"తీర్థం."

"ఏం తీర్థం?"

"గంధం పన్నీరు తీర్థం, అయ్యోరు సీసా నిండా ఇచ్చినాడు. మనం తాగినాం గదా, బండి తాగొద్దా? దాని పేరుతో అర్చన గూడా చేయించినాను."

"బండికి అర్చనా?"

"నంబరు చెప్పినాను. నక్షత్రం అడిగితే కృత్తిక అన్నాను. కొన్న దినం కృత్తికే గదా."

ఎండలో, రోడ్డు పక్కన, పోయే బస్సులోని జనం తొంగి చూస్తుండగా నేను ఆమెను తిట్టాను. నాజిలు రంధ్రం ఎంత సన్నమో, గంధపు పొడి ఎంత ముతకో, చదివిన పుస్తకమంతా ఆమె మీద గుమ్మరించాను. ఆమె చెరకు బండ్ల వైపు చూస్తూ అంతా విన్నది. తరువాత తాళి గొలుసుకు తగిలించుకున్న పిన్నీసుల్లో సన్నది ఒకటి తీసి చాపింది.

"తిట్టేది అయిపోతే దీంతో గుచ్చి చూడు."

గంధం వచ్చేసింది. ఆ రోజు నుంచీ డబ్బా ఆమె సొంతమైంది. ఏసీ నీళ్లను తెల్ల గుడ్డలో వడగట్టి, గరాటు పెట్టి, మూత తిప్పి, మూత మీద ఒకసారి చేయి ఆనించేది. నేను తొంగి చూస్తే "నీ పని నువ్వు చూసుకో" అనేది. పోయిన ఏడాది తిరుత్తణికి ఆడికృత్తిక పండగకు పోదామని నీళ్లు పోసింది. పండగ ఇంకా రాకముందే ఒక మధ్యాహ్నం, బియ్యం ఏరుతూ చేట మీదికి ఒరిగిపోయింది. గుండె.

నాకిప్పుడు చూపు సరిగా ఆనదు. బండి మా అమ్మాయి నడుపుతుంది, తాను పాఠాలు చెప్పే బడికి పోయి వస్తుంది. ఊళ్లో టర్బో ఊపిరి పీల్చేలోపే బ్రేకు పడుతుంది, పంపు తిరిగే అవసరం రాదు. ఆడికృత్తిక మళ్లీ వచ్చి పోయినా ఆ నీళ్లు తగ్గకపోవడం అందుకే. నెలకొకసారి డిక్కీ తెరిచి చూసుకునేవాడిని. దీన్ని పిచ్చి అనేవాళ్లు అనుకోవచ్చు. ఆమె చీరలు బంధువులు తలా ఒకటి తీసుకుపోయారు. బియ్యం ఏరిన చేట ఏమైందో తెలియదు. ఆమె చేత్తో చేసిన పనుల్లో ఇంకా పూర్తి కానిది ఇదొక్కటే మిగిలింది నాకు.

ఆఫీసు నుంచి వచ్చాక చెప్పాను. అమ్మాయి బండి దగ్గరికి పోయి డిక్కీ తెరిచింది.

"సీసాలో పోసి పెట్టుకుందామా నాయినా?"

"పెట్టుకుని ఏం చేస్తాము పాపా? దేవుడి గూట్లో పెడతామా? ఆయమ్మ బండికని పోసింది."

"అయితే తిరుత్తణికి పోదాం. ఆదివారం."

పోయాం. ఊరు దాటి పెద్ద రోడ్డెక్కి, ఒక లారీని దాటడానికి అమ్మాయి గట్టిగా తొక్కగానే పచ్చ దీపం వెలిగింది. ఇంజను గొంతు మారింది. గరగర తగ్గి, నిండు బిందె మోస్తున్న మనిషి నడకలాంటి శబ్దం. ఆ శబ్దాన్ని ఏడాదికి పైగా వినలేదు నేను. ఆమె పక్కనుంటే ఆ క్షణానికి "తాగతాండాది" అనేది, పిల్లకు పాలు పట్టేటప్పుడు అన్నట్టు. నా పక్క సీట్లో అమ్మాయి పెదవులు బిగించుకుని రోడ్డు చూస్తోంది. ఇదంతా రాసి దానికి చూపిస్తే చదవలేదు, దానికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదివేది తమిళమే. తెలుగు అక్షరాలు నేర్పించమని వాళ్లమ్మ పోరిన పోరు నాకు గుర్తుంది.

కొండ మలుపుల్లో దీపం ఆరకుండా వెలిగింది. పైన ఆగి డిక్కీ తెరిచాను. ఇంకా ఒక వేలు లోతు ఉంది. గుడి వైపు పోవాలని ఇద్దరికీ తోచలేదు. ఎండకు నీళ్లు డబ్బాలో మెరుస్తున్నాయి. అమ్మాయి కూడా వంగి చూసింది.

"దిగి మళ్లీ ఎక్కుదామా?" అంది.

కొండ కింద గేటు దగ్గర బండ్లకు చీటీ ఇచ్చే మనిషి మమ్మల్ని గుర్తుపట్టాడు.

"తిరుంబవుమా పెరియవరే, మళ్లీనా? సామి సరిగా కనపళ్లేదా?"

"నాకు కళ్లు తక్కువ తంబీ," అన్నాను. వాడు నవ్వి పొమ్మన్నాడు. ఆ నవ్వుకు నాకు కోపం రాలేదు.

రెండోసారి అమ్మాయి గేరు తగ్గించి, ఇంజనును బలంగా లాగించింది. నేను చెప్పలేదు, తనకే తెలిసింది. సగం కొండ దాటాక పంపు శబ్దం మారింది. నీళ్లు పట్టినప్పుడు ఉండే మెత్తదనం పోయి, ఒట్టి రబ్బరు చప్పుడు, కటకటా. కొట్లో కూర్చున్నన్నాళ్లూ పంపు కొన్న ప్రతి మనిషికీ నేను చెప్పి పంపిన మాట ఒక్కటే. నీళ్లు లేకుండా తిప్పొద్దు, లోపల కాలిపోతుంది, తరువాత నా దగ్గరికి రావద్దు. పంపును ఆపే స్విచ్చి నా మోకాలి పక్కనే ఉంది. చేయి దాని మీద పెట్టాను.

"నాయినా, ఒట్టిగా తిరగతాంది. ఆపేయ్."

"పైకి పోయేదాకా తిరగనీ పాపా," అన్నాను.