నడిపి గ్రెగరీ నియమం

లోకంలో ఏ సంగతి ఎక్కడ మొదలైనా రాయప్ప దాన్ని తీసుకెళ్లి రోములో పోపుగారి వాకిట్లో దించేవాడు. కుళాయిలో నీళ్లు రాకపోయినా, ఉల్లిపాయలు కుళ్లినా, ఎవరికైనా పన్ను సలిపినా, ఆ సందర్భానికి తగిన పోపు ఒకరు ఆయన దగ్గర సిద్ధంగా ఉండేవారు. నేను మనుషులను తొందరపడి మెచ్చుకునేవాణ్ణి కాను. అందుచేత ముందే చెబుతున్నాను: వంటవాడిగా రాయప్ప మధ్యరకం, చరిత్రకారుడిగా అంతకంటె ఒక మెట్టు కింద.

ఆయనది బద్వేలు దగ్గర పల్లె, తాతలనాటి కతోలిక కుటుంబం. చిన్నప్పుడు ఊరి గుడి ఫాదరుగారి వంటింట్లో కూరలు తరుగుతూ విన్న కథలే ఆయన విద్యాభ్యాసం. కువైట్‌కు వచ్చి అబ్బాసియాలో మా బిల్డింగు మెస్సులో వంటకు కుదిరాడు. మేమంతా బ్యాచిలర్ గదులవాళ్లం, మెస్సు సభ్యులం, కాబట్టి పూటకొక పోపును భోజనంతో పాటు భరించక తప్పేది కాదు.

రాయప్ప లెక్కలో గ్రెగరీలు ముగ్గురే. పెద్ద గ్రెగరీ, నడిపి గ్రెగరీ, చిన్న గ్రెగరీ. ఒక ఇంటి అన్నదమ్ముల గురించి మాట్లాడినట్టే మాట్లాడేవాడు. చక్రవర్తిని మంచులో వట్టికాళ్లతో నిలబెట్టింది పెద్దాయన. క్యాలెండరులోంచి పది రోజులు ఎత్తేసింది చిన్నాయన.

"ఆ ఇద్దరి మధ్య ఐదు శతాబ్దాల దూరముంది రాయప్పా" అన్నాను ఒకసారి.

"ఉండనీ సార్. పెద్ద సంసారాల్లో అట్లనే ఉంటాది."

పెద్ద గ్రెగరీ వల్ల ఎక్కువగా బాధపడినవారు కుక్కుటేశ్వరరావుగారు. పిఠాపురం మనిషి, ఒక కంపెనీలో అకౌంటెంటు, మా మెస్సుకు కార్యదర్శి. నిద్రలో కూడా టై కట్టుకుంటారని ప్రతీతి. ఆయన భోజనానికి ఆలస్యంగా వస్తే రాయప్ప తలుపు తీసేవాడు కాదు.

"ఏవండీ రాయప్పగారూ! ఎండండీ బాబూ, మాడిపోతున్నాను!"

"చక్రవర్తికి మంచు కుదిరింది సార్. మీకు ఈడ మంచు యాడ తేవాల? ఎండతో సర్దుకోండి."

కుక్కుటేశ్వరరావుగారికీ, ఆయన గదిలోనే ఉండే అల్లాబకష్‌కూ ఫ్యాను గాలి దగ్గర తగవు వచ్చింది. అల్లాబకష్ రాయచోటివాడు, అహ్మదిలో కంపెనీ బస్సు నడిపేవాడు, అరబ్బీ మంచినీళ్లలా మాట్లాడేవాడు. రాయప్ప బొగ్గుముక్కతో వచ్చి గది నడిమధ్య గీత గీశాడు. పూర్వం ఒక పోపుగారు భూగోళం మీద ఇలాగే గీత గీసి, ఈవైపు స్పెయినువాళ్లకూ ఆవైపు పోర్చుగీసువాళ్లకూ పంచారట. గీత ముగిసేసరికి నీళ్లకూజా స్పెయిన్‌లోనూ గ్లాసు పోర్చుగల్‌లోనూ పడ్డాయి. ఆ రాత్రంతా ఇద్దరూ దాహంతో పడుకున్నారు. సామ్రాజ్యాల చరిత్ర నాకు అంత స్పష్టంగా మరే పుస్తకంలోనూ బోధపడలేదు.

చిత్రకళ మీద పోపుల ప్రభావం ఎంతటిదో మెస్సు గదుల కప్పుకు సున్నం కొట్టించిన రోజున తెలిసింది. బాలసుబ్బయ్య అనే మేస్త్రీ నిచ్చెన మీద ఉండగా రాయప్ప కింద గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పుడైపోతాది?"

"అయిపోయినప్పుడు."

"ఒక పోపు ఇట్ల జవాబు చెప్పిన చిత్రకారుణ్ణి కర్రతో వాయించినాడు, తెలుసునా?"

"నేను చిత్రకారుణ్ణి కాదప్పా, సున్నమేసేటోణ్ణి!"

"అందుకే గరిటె తెచ్చినా."

1990 ఆగస్టు మొదట్లో ఇరాక్ సైన్యం కువైట్‌ను మింగింది. దుకాణాలు మూతబడ్డాయి, జీతాలిచ్చేవాళ్లు సరిహద్దు దాటారు, మెస్సులో బియ్యం బస్తా కుంగిపోసాగింది. రేడియో విన్న ప్రతిసారీ రాయప్ప "పోపుగారు ఏమైనా అన్న్యాడా?" అని అడిగేవాడు, బిల్డింగు యజమాని అద్దె గురించి ఏమన్నాడని అడిగినంత మామూలుగా.

ఆ రోజుల్లోనే చిన్నక్క వచ్చింది. జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, పిల్లలను కారెక్కించుకుని సౌదీకి వెళ్లిపోతూ ఈమె చేతిలో తాళంచెవి పెట్టింది. చిన్నక్కా, ఆమెలాగే దిక్కులేకుండా మిగిలిన పనిచేసే ఆడవాళ్లూ, చంటిపిల్లతో గౌసియా బీ, మా పై అంతస్తులో ఖాళీ ఫ్లాటులో తలదాచుకున్నారు. వాళ్లకు కూడా మెస్సులోంచే వండిపెడదామన్నాడు రాయప్ప.

"జాలి వేరు, నియమం వేరండీ. మెస్సు సభ్యులకేనండీ" అన్నారు కార్యదర్శి.

"మనకే చాలవు భాయ్" అన్నాడు అల్లాబకష్. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు.

రాయప్ప గరిటె తీసుకుని వంటింట్లోకి పోయాడు. ఏ పోపునూ తలచుకోకుండా ఆయన ఊరుకోవడం కూడా నేను అదే మొదలు చూడటం.

ఇంతలో అబూ సలీం అనే జోర్డాను డ్రైవరు కబురు పంపాడు. బస్రా, బాగ్దాదుల మీదుగా అమ్మాన్ చేరుస్తాడు. అక్కడినుంచి మన విమానాలున్నాయి. కానీ బస్సులో అందరికీ చోటు లేదు, రెండోసారి రాగలనన్న భరోసా లేదు. ముందు ఎవరు ఎక్కాలో బిల్డింగు తరఫున ఒక్క పెద్ద చెప్పాలి. శుక్రవారానికి పెద్ద తేలకపోతే బస్సు పక్క బిల్డింగుకు పోతుంది, ఖలాస్.

"ఇంగ్లీషొచ్చినవాడు పెద్దగా ఉండాలండీ" అన్నారు కుక్కుటేశ్వరరావుగారు.

"చెక్‌పోస్టులో ఇంగ్లీషు ఎవనికి కావాల? అరబ్బీ రావాల!" అన్నాడు అల్లాబకష్.

"అయితే ఏంటండీ, డ్రైవరు చెబితే మేం బస్సెక్కాలా?"

"డ్రైవరు చెప్తేనే సార్ ఎవుడైనా బస్సెక్కేది!"

బిల్డింగు రెండుగా చీలింది. శుక్రవారం దగ్గరపడింది. అప్పుడు రాయప్ప మమ్మల్నందరినీ మెస్సు పెద్ద గదిలోకి పిలిచాడు.

"ఒకపారి ఇట్లనే కార్డినల్సు పోపును ఎన్నుకోలేక మూడేండ్లు తన్నుకున్న్యారు. ఊరోళ్లకు ఒళ్లు మండి, వాళ్లను లోపలేసి తాళమేసి, కూడు తగ్గించి, పైకప్పు గూడా పీకేసినారు. తేలిపోయింది. ఆ తేలినాయనే నడిపి గ్రెగరీ. ఆయనే దాన్ని నియమంగా పెట్టినాడు."

"కప్పు పీకుతావా ఏంది?" అన్నాడు అల్లాబకష్.

"సున్నమేయించింది పాడుజేస్తానా? కూడు తగ్గిస్తా, చాలు."

నాకు ఆ నియమం తెలుసు. "రాయప్పా, అందులో మొదట్లో పూర్తి భోజనముంది, ఆ తర్వాత ఒక్క వంటకం. చిట్టచివరికే రొట్టె, నీళ్లు. వాటితో పాటు ద్రాక్షసారా" అన్నాను.

"మీరు పెద్దాయనది చెప్తాండారు సార్."

"కాదు, నడిపి ఆయనదే."

"అట్లయితే మొదటి రెండూ మొన్నటితో అయిపోయినాయి అనుకోండి. సారా కువైట్లో దొరకదు. ఇంక మిగిలింది రొట్టే నీళ్లే" అంటూ బయటికి నడిచి తాళం వేశాడు.

ఓటు వేశాం. ఎంతమందిమి ఉన్నామో అంతమంది పెద్దలు తేలారు. ఎవరి ఓటు వారికే పడింది. కిటికీలోంచి ఖుబ్జు రొట్టెలూ నీళ్ల జగ్గూ వచ్చాయి. మళ్లీ ఓటు, మళ్లీ అంతే. సాయంత్రానికి కుక్కుటేశ్వరరావుగారు ముక్కు పైకెత్తారు.

"ఏవండీ, పప్పు వాసన వస్తోందండీ!"

"అది శోధన సార్, సైతాను ఆశ పెడతాండాడు" అంది తలుపు అవతలి గొంతు. "కార్డినల్సుకూ వచ్చింటాది."

"శోధనకు ఇంగువ కూడా వేశారేంటండీ?"

మెట్లెక్కుతున్న అడుగుల చప్పుడు వినబడింది.

మర్నాడు పొద్దున్న ఓట్లచీటీలన్నీ తీసుకుని రాయప్ప మిద్దె మీద నూనెడబ్బాలో వేసి తగలబెట్టాడు. పోపు తేలితే తెల్లపొగ, తేలకపోతే నల్లపొగ రావాలి గనుక తడి గోనెపట్టా కూడా వేశాడు. అబ్బాసియా అంతా కనబడేలా పొగ లేచింది. కాసేపటికి సైనిక వాహనం మా గుమ్మం ముందు ఆగింది. తుపాకీతో ఒక సైనికుడు దిగాడు.

"షినూ హాదా?" అని అరిచాడు, ఏమిటిదని.

కిటికీలోంచి చూస్తున్నాం. రాయప్ప గరిటెతో సహా వెళ్లి అతనికి ఎదురుగా నిలబడ్డాడు. రోము మీదికి దండెత్తి వచ్చిన హూణరాజు అట్టిలాకు ఒక పోపు ఒంటరిగా ఎదురువెళ్లి వెనక్కి తిప్పాడని ఆయన మాకు వందసార్లు చెప్పినవాడే. ఆ పోపు అట్టిలాతో ఏమన్నాడో చరిత్రకు తెలియదు. రాయప్ప ఏమన్నాడో మాకు వినబడింది.

"జూఆన్?" అన్నాడు. ఆకలా అని.

సైనికుడు తుపాకీ దించాడు. పొగ చూసి ఇక్కడ మాంసం కాలుస్తున్నారని వచ్చాడట పాపం. రాయప్ప చంకలోని మూటలోంచి తన వంతు ఖుబ్జు తీసి ఇచ్చాడు. అతను నమిలాడు, తల ఊపాడు, వెళ్లిపోయాడు.

"ఈపారి తెల్లపొగే రావాల" అని తలుపు దగ్గర హెచ్చరించాడు రాయప్ప. "అట్టిలాలు ఇంకా ఉండారు. ఖుబ్జు లేదు."

రాజ్యాధికారం ఎలా పుడుతుందన్న విషయం మీద తత్త్వవేత్తలు చాలా వాదించారు. దేవుడిచ్చాడన్నారు, జనం ఒప్పందం చేసుకున్నారన్నారు. మా గదిలో అది కడుపులోంచి పుట్టింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో వాణ్ణి ఎన్నుకుంటే తలుపు తొందరగా తెరుచుకుంటుందని అందరికీ ఒకేసారి తోచింది. ఓట్లన్నీ రాయప్పకే పడ్డాయి, కుక్కుటేశ్వరరావుగారిది తప్ప. ఆయన మాట తప్పే మనిషి కాదు; తనకే వేసుకున్నారు.

తలుపు తెరిచి రాయప్ప లోపలికి వచ్చాడు.

"ఒప్పుకుంటాండా. ముందు పై అంతస్తు ఆడోళ్లు, పిల్లోళ్లు ఎక్కాల. మిగిలిన చోటులో మనం. అరబ్బీ అల్లాబకష్‌ది, ఇంగ్లీషు రావుగారిది."

"అదేంటండీ! వాళ్లు సభ్యులు కూడా కాదు! మీరీ మాట వెనక్కి తీసుకోవాలండీ!"

"పోపు మాటలో తప్పుండదు సార్. ఇప్పుడు రాజీనామా చేస్తాండా. ఒక పోపు కొండగుహలోకి పోతానని రాజీనామా ఇచ్చినాడు గదా, అట్ల. ఇంక ఆ మాట వెనక్కి తీసుకునేదానికి ఇక్కడ పోపే లేడు."

కుక్కుటేశ్వరరావుగారు ముందు భోజనం, తర్వాత వాదన అని నిశ్చయించుకుని వంటింట్లోకి నడిచారు. వెనుక మేమందరం. బియ్యం బస్తా మడతపెట్టి గూట్లో ఉంది. పప్పు డబ్బా తోమి బోర్లించి ఉంది.

"రాయప్పగారూ!" అని ఆయన గొంతెత్తేసరికి, పైనుంచి చిన్నక్క కడిగిన గిన్నెలతో మెట్లు దిగి వచ్చింది. మమ్మల్ని చూసి చేతులు జోడించింది.

"సార్లూ, మీ కడుపులు సల్లగుండాల. మీరంతా మొక్కుకోని ఉపాసముండి, మీ కూడు మాకు పెట్టమన్న్యారంట గదా. రాయప్పన్న చెప్పినాడు. గౌసియా బీ నిన్నటి నుంచి మీకే దువా చేస్తాంది. అందరిలోకీ మొదట ఒప్పుకున్నాయన టై కట్టుకున్న సారేనంట?"

అల్లాబకష్ గోడవైపు తిరిగాడు. నవ్వుకో, సిగ్గుకో తెలియదు. కుక్కుటేశ్వరరావుగారు ఎర్రబడ్డారు, టై సవరించుకున్నారు, గొంతు సవరించుకున్నారు.

"ఆయ్... అవునమ్మా. అదేదో... తోచిందమ్మా" అన్నారు. తర్వాత రాయప్పవైపు తిరిగి మెల్లగా "ఇంగువ కొంచెం ఎక్కువైందండీ" అన్నారు.

శుక్రవారం బస్సెక్కేటప్పుడు గౌసియా బీ చంటిపిల్లను లోపలికి అందించింది కుక్కుటేశ్వరరావుగారే. పిల్ల టై పట్టుకుని వదల్లేదు. టైతో సహా అమ్మాన్ పంపించారు.

అబూ సలీం మాట పోగొట్టుకోలేదు, రెండోసారీ వచ్చాడు. బస్రా దారిలో బస్సు ఆగినప్పుడు రాయప్ప తన మూట విప్పి ఒక వింటో షర్బతు సీసా బయటికి తీశాడు. ద్రాక్షపండు రంగులో తళతళలాడుతోంది. నీళ్లలో కలిపి గ్లాసు నా ముందుంచాడు.

"ఏమిటిది?"

"నియమంలో ద్రాక్షసారా ఉండాదంటిరి గదా సార్. నడిపి గ్రెగరీ పెట్టిన మాట తప్పితే నాకు పాపం."

తాగాను. ఎలా ఉందని అడిగాడు. మధ్యరకమని చెప్పి, ఇంకో గ్లాసు కలపమన్నాను.