తిట్టి తెరిచిన తాళం

మా మేనకోడలు ఒకసారి కొబ్బరికాయంత తాళాన్ని తిట్టి తెరిచింది. చెయ్యి వెయ్యలేదు, చెవి పెట్టలేదు. ఉత్త తిట్లే.

సరే, తాళాన్ని కాదు, తాళం వేసినవాణ్ణి తిట్టింది. కొబ్బరికాయ కూడా కాదు, నిమ్మకాయంత. అబద్ధం చెబితే మా కాన్వెంట్ సిస్టర్లు మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. అందుకే ఈ వయసులో కూడా నా మోకాళ్ళు ఇంత గట్టిగా ఉన్నాయి.

ఇంట్లో ఆమెకు మేము పెట్టిన పేరు ఆకురాయి, ఇనుమునైనా అరగదీస్తుందని. బస్టాండులో విచారణ కౌంటరు వెనక కూర్చుని సగం జీవితం గడిపింది. ఓ మధ్యాహ్నం చంకలో మూటతో ఒకావిడ వచ్చి, "మా ఇంటివైపు పోని బస్సు ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగింది. "వేళాకోళానికి నేనే దొరికానా? పక్కకి జరుగు" అంది ఆకురాయి. ఆవిడ జరిగింది. ఆ జరగడం జరగడం మళ్ళీ కనబడలేదు. ఆకురాయి ఆ సంగతి తన తల్లికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు గానీ, నలభై దాటాక ఉద్యోగం మానేసి, కష్టాల్లో ఉన్నవాళ్ళకి సాయపడటం నేర్పే కోర్సులో చేరింది.

"నువ్వు ఓదారిస్తే కొనఊపిరితో ఉన్నవాడు కూడా పోతాడు" అన్నాడు మొగుడు.

"ముందు నీ మీదే సాధన చేస్తాను, కూర్చో" అంది.

కాలేజీలో కూడా ఆమెను చూసి ముచ్చటపడినవాళ్ళు లేరు. అక్కడొక సాధన గది ఉండేది. రెండు కుర్చీలు, కళ్ళొత్తుకునే కాగితాల డబ్బా, గోడకి పెద్ద అద్దం. ఆ అద్దం అవతలివైపు నుంచి కిటికీలా కనబడుతుంది. దాని వెనక మేడమ్, తోటి విద్యార్థులు కూర్చుని చూస్తారు. నాటకాలవాళ్ళని కిరాయికి తెచ్చి కుర్చీలో ఏడిపిస్తారు. విద్యార్థి వాళ్ళ మాటనే మెత్తగా వాళ్ళకి తిరిగి చెప్పాలి. సలహా ఇవ్వకూడదు.

"మరేం చెయ్యాలి?" అని అడిగింది ఆకురాయి.

"వినాలి."

"విన్నాక?"

"ఇంకా వినాలి" అంది మేడమ్.

తాగుబోతు మొగుడి గురించి ఏడ్చిన నటితో, "తలుపు తియ్యకు, తిక్క కుదురుతుంది" అని మొదటి పరీక్ష పోగొట్టుకుంది. రెండోసారి నటుణ్ణి, "ముందు ముక్కు చీదుకో, ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అంది. అద్దం వెనక పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. మేడమ్ నవ్వలేదు.

"మీకు మనుషులంటే కోపం. మూడోసారీ ఇంతే అయితే ఇంక రానక్కర్లేదు" అంది.

మూడో పరీక్ష రోజు అందరూ టీకి వెళ్ళినప్పుడే ఈమె వెళ్ళి కుర్చీలో కూర్చుంది. అద్దం వెనక పురుగు కూడా లేదని తెలియదు. పక్క గదిలో ఊరివాళ్ళకి ఉచితంగా సాయం చేసే కేంద్రం ఉంది. అక్కడికి పోబోయి, తలుపు తప్పి, ఒక లిఫ్టు మెకానిక్ ఈ గదిలోకి వచ్చాడు.

"ఇంటాయన నా గదికి తాళం వేసేశాడమ్మా. పనిముట్లు లోపలే ఉన్నాయి. రేపు పనిలోకి పోకపోతే ఇంకోణ్ణి పెట్టేసుకుంటారు."

"అంటే, ఇంటాయన తాళం వేశాడని మీరు అంటున్నారు."

"అదేగా చెప్పాను."

"దానివల్ల మీకు బాధగా ఉంది."

"వింటున్నారా, వెక్కిరిస్తున్నారా?"

అంతే, ఆకురాయికి ఓపిక నశించింది. "వేషం బాగానే వేశావు గానీ చేతులకి మసి మరీ ఎక్కువ పూశావు. ఎందుకు వేశాడట తాళం?"

"బావమరిదికి గది కావాలంట."

"నీకు చెప్పాడా?"

"నేను పనికి పోయాక వేశాడు. నేనేం వేషం వేశానమ్మా?"

"అయితే పద. ఆ తాళం చూపించు" అంది, నటుడైతే ఇక్కడ నీళ్ళు నములుతాడని. అతను తలుపు తీసుకుని ముందు నడిచాడు.

మెట్ల కింద గది, తలుపుకి నిజంగానే తాళం. ఇంటాయన బనీను మీదే, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. నాటకాన్ని ఇక్కడిదాకా తెచ్చారు, కాలేజీవాళ్ళు ఖర్చుకి వెనకాడలేదని మెచ్చుకుంది ఆకురాయి.

"నువ్వెవత్తివి?" అన్నాడు ఇంటాయన.

"ఓహో! ఇతనికన్నా నువ్వే నయం. దుర్మార్గం మొహంలో అచ్చుగుద్దినట్టు దిగింది. కానీ, తర్వాత మాట చెప్పు."

"మర్యాదగా మాట్లాడు!"

"మనిషి పనికి పోయింది చూసి దొంగలా తాళం వేసినవాడికి మర్యాద కావాలా? బావమరిది కోసం ఇంకొకడి పొట్ట కొడతావా? ఆ బావమరిదిని నీ నెత్తి మీద పడుకోబెట్టుకో, ఖాళీగానే ఉందిగా!"

మెట్ల మీద ఇరుగుపొరుగు చేరి బట్టతల వైపు చూసి నవ్వారు. ఇంటాయన వాళ్ళని చూశాడు, ఈమెని చూశాడు, మొలతాడుకున్న తాళంచెవి తీశాడు. తాళం కూడా కాస్త వణికిందని అంటారు.

మెకానిక్ లోపలికి వెళ్ళి పనిముట్ల సంచీని ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. గోడవైపు తిరిగి ఏడ్చాడు. కిరాయి ఏడుపు ఎప్పుడూ చూసేవాళ్ళవైపే తిరిగి ఉంటుంది. ఇది వేషం కాదని ఆకురాయికి అప్పుడు తెలిసింది.

కాలేజీకి తిరిగి వచ్చేసరికి అసలు నటి కన్నీళ్ళు ఆరబెట్టుకుని కూర్చుంది. జరిగింది విని మేడమ్ నిప్పులు కక్కింది.

"రేపు ఆ ఇంటాయన ఇంకో తాళం వేస్తే మీరుంటారా? పక్క గదికి పంపితే ఆ కేంద్రంవాళ్ళు అతనిచేత కాగితం రాయించి కట్టడి చేసేవాళ్ళు. పైగా కష్టంలో వచ్చినవాణ్ణి వేషగాడన్నారు. వెళ్ళి క్షమాపణ అడగండి. అడగలేకపోతే ఇటు రాకండి."

'తప్పయింది' అన్న మాట పుట్టింది మొదలు ఆకురాయి నోట ఎవరూ వినలేదు. కన్నతల్లి కూడా.

వెళ్ళేసరికి మెకానిక్ తలుపు లోపలివైపు గడియ బిగిస్తున్నాడు. ఆకురాయి స్క్రూల వైపు చూస్తూ, "తప్పయింది" అంది.

అతను వెనక్కి తిరగకుండానే, "అంటే, తప్పయిందని మీరు అంటున్నారు" అన్నాడు.

"అదేగా చెప్పాను!"

"దానివల్ల మీకు బాధగా ఉంది."

"వెక్కిరింతా?"

"మీరు నేర్పిందే కదమ్మా."

"స్క్రూ వంకరగా పోతోంది, చూసుకో" అని వచ్చేసింది. మర్నాడు మేడమ్ గదిలోకి రానిచ్చింది, మొహం చూడకుండా. ఇప్పుడు అదే సాయం కేంద్రంలో ఉద్యోగం. వచ్చినవాళ్ళ మాట వినడం నేర్చుకుంది. తలుపు తప్పి వచ్చినవాళ్ళని చెయ్యి పట్టుకుని సరైన గదికి తీసుకెళ్తుంది, తిడుతూనే.

ఇదంతా రాసి ఆమెకే ఇచ్చాను. నిలబడే చదివింది.

"మామయ్యా, ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. తాళమూ లేదు, మెకానిక్కూ లేడు. నేను పుట్టి బుద్ధెరిగాక ఎవడికీ తప్పయిందని చెప్పలేదు."