నిన్నటి ఫైల్ మళ్ళీ మోగిన ఉదయం

మా విజయనగరం వాళ్ళంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం ఈ ఊరికి తరలివస్తున్న రోజుల్లో, నేను సికింద్రాబాద్‌లో ఒక ఎఫ్ఎం స్టేషన్లో చేరాను. రోజుకో ఫైల్ తయారుచెయ్యడం నా పని. ఏ గంటకు ఏ పాట, ఏ ప్రకటన అన్నది అందులో వరసగా పెడితే కంప్యూటర్ దానంతటదే వినిపించుకుంటూ పోతుంది. ఒకే పాట వెంటవెంటనే తిరిగి రాకుండా చూడాలి, అయిపోయిన ఫైళ్ళను వేరే ఫోల్డర్లోకి మార్చాలి.

ఒక గురువారం లాలాగూడ నుంచి ఒకావిడ వచ్చింది. రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరైన తండ్రి, మతిమరుపు మనిషి, ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రాలేదట. ఆయన ఆనవాళ్ళు, ఆవిడ ఫోన్ నంబరు నా గొంతుతోనే రికార్డు చేసి, శుక్ర, శనివారాల ఫైళ్ళలో గంటకోసారి వచ్చేలా పెట్టాను. శుక్రవారం సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది. పట్టాల పక్కన దొరికాడట, ప్రాణం లేకుండా. వెంటనే శనివారం ఫైల్లోంచి ప్రకటన తీసేసి, రెండుసార్లు సరిచూసుకుని ఇంటికెళ్ళాను.

నేను వెళ్ళాక మా మేనేజరు, డిస్కు నిండిందని పాత ఫైళ్ళు తుడిచేస్తూ మర్నాటిది కూడా తుడిచేశాడు. ఫైల్ దొరక్కపోతే నిన్నటిదే మళ్ళీ మొదలయ్యేలా సాఫ్ట్‌వేర్‌ను అమర్చిందీ ఆయనే.

శనివారం నాకు సెలవు. బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటాలు ఏరుకుంటుంటే ఎవరి రేడియోలోనో నా గొంతు వినిపించింది. ‘కనిపిస్తే ఈ నంబరుకు చెప్పండి.’ టమాటాలు అక్కడే వదిలేశాను. స్టూడియోకి ఫోన్ చేసి ఆపించేసరికి పదకొండు దాటింది.

సోమవారం ఆవిడ ఆఫీసుకొచ్చింది. కొత్త అమ్మాయి, పొరపాటు చేసిందని మేనేజరు నన్ను చూపించాడు. అప్పటికి నేను అక్కడ మూడేళ్ళుగా పనిచేస్తున్నాను.

“మా నాయిన్ను పాడె మీద పండవెట్టినం మేడం. ఫోన్ మీద ఫోన్. మీ నాయిన గీడ చాయ్ తాగుతుండు అన్నడు ఒకాయన. మా అమ్మ నమ్మి లేసి నిలవడ్డది,” అంది.

నేను వెళ్ళి, శనివారం ఫైల్‌ను ఎవరు ఏ టైముకు తుడిచారో కంప్యూటర్ రాసిపెట్టుకున్న వివరం ప్రింటు తీసి ఇద్దరి ముందూ పెట్టాను.

“చూడమ్మా, ఎవరు చేశారన్నది ఇప్పుడు ఇష్యూ కాదు. సిస్టమ్ ప్రాబ్లమ్. నువ్వో సారీ లెటర్ రాసిచ్చెయ్,” అన్నాడాయన నాతో.

“తుడిచింది మీరు సార్. మీరే రాయండి.”

ఆయన రాయలేదు. ఆ సాయంత్రం నేనే లాలాగూడ వెళ్ళి, వాళ్ళమ్మ ఎదుట కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు, మంచినీళ్ళు ఇప్పించింది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

ఫైల్ దొరక్కపోతే నిన్నటిది కాకుండా ఉత్త వీణ వచ్చేలా మార్చాలని పట్టుబట్టాను. మార్చారు. ఆ ఆలోచన తనదేనని మేనేజరు మీటింగులో చెప్పుకుని చప్పట్లు కొట్టించుకున్నాడు. చివరి వరసలో నేను మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాను.