పడుగు ముందు ఆగిన పెద్దబండి

గుర్వయ్యను చేతిలో కర్ర లేకుండా చూసినవాళ్లు మర్రిగూడలో లేరు. గొర్రెల మంద వెనక పెరిగిన మనిషి. నీలినాలుక రోగం వచ్చి మంద తుడిచిపెట్టుకుపోయిన ఏడు కూడా కర్ర పారేయలేదు. ఇప్పుడు చేతిలో ఉన్నది పాతదానికి రెండింతల పొడుగు. కొసన ఎర్రగుడ్డ. ఆ కర్ర ఎత్తి కరెంటు తీగలు అడ్డం వస్తాయా రావా చూడటం, ఊళ్లు వచ్చినప్పుడు జీపు దిగి పెద్దబండి ముందు నడవడం అతని పని.

పెద్దబండి అంటే మామూలు లారీ కాదు. ఎత్తిపోతల పంపుహౌసులకు ట్రాన్స్‌ఫార్మర్లు మోసే ట్రేలర్. జెర్రికి కాళ్లున్నట్టు దానికి చక్రాలు. అది రోడ్డెక్కాలంటే పర్మిట్ కావాలి. పర్మిట్‌లో రాసిన దారినే పోవాలి. పొద్దు ఉన్నంతసేపే నడవాలి. వంతెన మీద ఇంకో బండి ఉండగా ఎక్కకూడదు, ఎక్కాక నట్టనడుమ పోవాలి, మధ్యలో ఆగకూడదు. మొదటిరోజు ఇవన్నీ విని గుర్వయ్య నవ్వాడు.

“గివేం కొత్త రూల్సు సారూ! మందకు గూడ గంతే. పొద్దుగూకకముందే దొడ్లె వడాలె, వాగు నడిమిట్ల నిలవడొద్దు.”

భార్య జానమ్మకు మాత్రం ఆ ఉద్యోగం ఇప్పటికీ వింతే. “మునుపు గొర్లను గాసెటోనివి, ఇప్పుడు ఇనుపదున్నను గాస్తున్నవ్” అంటుంది.

“దున్ననే నయం. రోగం రాదు, మంది చేన్ల వడది” అంటాడు.

పర్మిట్ అడిగే ముందు దారి చూసి రావాలి. కంపెనీ సూపర్‌వైజరు అశోక్‌కుమార్‌తో జీపులో పోయి గుర్వయ్యే ప్రతి తీగా కొలుస్తాడు, ప్రతి మలుపూ నడిచి చూస్తాడు. ఈ మధ్య చండూరు దిక్కు ఒక నేతవాళ్ల ఊరు దాటి పోవాల్సి వచ్చింది. ఊరి నడిబజారే రోడ్డు. చూడబోయిన రోజు బజారంతా ఊడ్చిపెట్టినట్టు ఉంది. “సాఫుగున్నది సారూ, కళ్లు మూసుకొని పోవచ్చు” అన్నాడు గుర్వయ్య. ఆ మాట మీదే పర్మిట్ వచ్చింది.

బండి ఆ ఊరు చేరేసరికి పర్మిట్‌కు అదే ఆఖరి రోజు. ఊరి అవతల గుట్ట దిగితే వాగు మీద వంతెన. అక్కడ ఇంజనీరు దగ్గరుండి దాటించాలి. పొద్దుగూకేలోపు దాటకపోతే పర్మిట్ చచ్చినట్టే, మళ్లీ మొదటికి. దారి సాఫుగా ఉందన్నవాడి చేతికి ఆ తర్వాత జెండా ఎవరిస్తారు?

పొద్దున్నే బజారు మలుపు తిరిగిన గుర్వయ్య నిలబడిపోయాడు. రోడ్డు నడుమ, ఈ కొస నుంచి ఆ కొసకు, కత్తెరలా నిలబెట్టిన వెదురుకర్రల మీద పడుగు, మగ్గమెక్కాల్సిన నిలువు పోగుల వరస, సాగదీసి ఉంది. నల్లటి నూలు, పక్కన ఎర్రంచు. అప్పుడే గంజి పెట్టారు. మగవాళ్లు, ఆడవాళ్లు రెండు దిక్కులా నడుస్తూ పెద్ద కుంచెలతో దువ్వుతున్నారు.

అశోక్‌కుమార్ జీపు దిగి పరుగున వచ్చాడు. “ఏంది గుర్వయ్యా ఇది? సాఫుగున్నదంటివి గద!”

“అన్న సారూ. గా దినం సాఫుగనే ఉండె.”

పడుగు ఆండాళు అనే ఆమెది. కుంచె ఆపకుండానే అడిగింది. “ఏ దినం వచ్చినవే అన్నా?”

“మొన్న అమాస నాడు.”

బజారు బజారంతా నవ్వింది, ఆండాళు కూడా. “అమాస నాడు మగ్గమే ముట్టం, పడుగేడ చాపుతం! గొర్లకాడ పెరిగినట్టున్నవ్, నీకు అమాస లేదు పున్నం లేదు!”

నిజమే. గొర్రెలకు అమావాస్య అయినా ఆకలి ఆకలే. గుర్వయ్య పుట్టి బుద్ధెరిగి ఒక్క అమావాస్యకూ పని మానలేదు. మానేవాళ్లుంటారని అతనికి తట్టనే లేదు.

“జర విప్పుండ్రి, బండి పోతది” అన్నాడు అశోక్‌కుమార్.

“గంజి ఆరకముందే విప్పితే పోగుకు పోగు అంటుకుంటది సారూ. ఇంటిల్లిపాది కష్టం కసువుల కలుస్తది” అంది ఆండాళు. ఈసారి నవ్వలేదు.

గుర్వయ్య వెనక్కి నడిచాడు. “జంగన్నా, ఇంజను బందు వెట్టు. దుమ్ము లేస్తే తడి నూలుకు వడ్తది” అని డ్రైవరు జంగయ్యకు చెప్పి, కర్రను రోడ్డు పక్కన పాతి నిలబడ్డాడు. అశోక్‌కుమార్ అటూ ఇటూ తిరిగాడు, ఇంజనీరుకు ఫోన్ చేశాడు, ఆకాశం చూశాడు. ఒక మబ్బు వచ్చి ఎండను మింగి తాపీగా కూర్చుంది.

మధ్యాహ్నం దాటి మబ్బు తొలగాక ఆండాళు నూలు మీద అరచెయ్యి ఆనించి చూసింది. “పోగులు విడివడ్డయ్. పూరా ఆరేదాంక ఆగొద్దు తియ్యి. కర్రలతోటి లేపి అరుగుల దిక్కు జరుపుదం. కని అందరు ఒక్కతీర్ల అడుగెయ్యాలె. ఒక్కలు ముందటవడ్డా తెగుతది.”

“ఒక్కతీర్ల నడిపిచ్చుడా చెల్లే? గది నాకిడ్సిపెట్టు.”

ఇళ్లలోంచి జనం వచ్చారు. జంగయ్య వచ్చాడు, అశోక్‌కుమార్ కూడా చొక్కా చేతులు మడిచి ఒక కర్ర పట్టుకున్నాడు. గుర్వయ్య తన ఎర్రగుడ్డ విప్పి, గంజి తడికి చెయ్యి జారకుండా వెదురుకర్రకు చుట్టి పట్టుకుని నడుమ నిలిచాడు. పొద్దుగూకేవేళ మందను మళ్లించే కూత ఒకటి గొంతులో ఏళ్లుగా ఊరికే పడి ఉంది. దాన్ని తీశాడు.

“హ్ర్ర్ర్... హోయ్!”

పడుగు మొత్తం ఒక్కసారి లేచి ఒక్క అడుగు పక్కకు జరిగింది. మళ్లీ కూత, మళ్లీ అడుగు. చివరి కూత రాకముందే అశోక్‌కుమార్ కాలు కదిపాడు. అతని దగ్గర నాలుగు పోగులు తెగాయి.

“మందల గీ పొట్టేలొక్కటే మాట వినది” అని ఆండాళు పోగులను వేళ్ల మధ్య నలిపి అతికేసింది. అశోక్‌కుమార్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

పెద్దబండి పడుగు పక్కనుంచి, దుమ్ము లేపకుండా, నీళ్లకుండ మోసే మనిషిలా పోయింది. గుట్ట దిగేసరికి పొద్దు తాటిచెట్ల మీదికి వాలింది. ఇంజనీరు చెయ్యి ఊపాడు. గుర్వయ్య ముందు నడిచాడు, బండి నట్టనడుమ వెనకే వచ్చింది, ఎక్కడా ఆగలేదు. చివరి చక్రం వంతెన దిగినప్పుడు వెలుగు ఇంకా ఉంది.

“ఎల్లుండి డిండి దిక్కు దారి చూసేదుంది. నువ్వే రావాలె” అన్నాడు అశోక్‌కుమార్.

ఇంటికొచ్చాక జానమ్మ ఎర్రగుడ్డ ఉతకడానికి తీసి ఆశ్చర్యపోయింది. గంజి ఆరి గుడ్డ అట్టలా బిగిసింది. “జెండాకు గూడ గంజి వెట్టిచ్చుకొచ్చినవా? ఇస్త్రీ గూడ చేపియ్యకపోయినవ్!”

గుర్వయ్య కాళ్లు కడుక్కుంటూ, “అది ఇడ్సిపెట్టు గని, క్యాలెండర్ల జర చూడు. ఎల్లుండి అమాస గాదు గద?” అన్నాడు.