డ్రైవరు పేర మొక్కిన బంగారం

యుద్ధం మీద రాసిన చరిత్ర పుస్తకం చేతిలో ఉంటే నాకు తిండి ధ్యాస ఉండదు. ఎవరు గెలిచారో ముందే తెలిసిన కథ ఏం చదువుతావని మా ఆయన వెక్కిరిస్తాడు. గెలుపోటములు నాకెందుకు? ముట్టడిలో చిక్కిన ఊళ్లో ఆ పూట పొయ్యి మీద ఏం పెట్టారో, ఎవరి కోసం ఎవరు గుమ్మంలో నిలబడ్డారో నాకు అది కావాలి. మంచి రచయిత అదే చెప్తాడు.

వరంగల్‌లో మాది మిర్చి వ్యాపారం. మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక అత్తమ్మ దుకాణం వెనక కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంది. ఆమెకు చూపు ఆనదు, ఆ పనికి చూపు అక్కర్లేదు. నేను పక్కన కూర్చుని, తుమ్ముల మధ్య, పైకి చదువుతాను.

పోయిన చలికాలం చదివిన పుస్తకంలో శత్రువులు ఒక నగరాన్ని చుట్టుముట్టారు. లోపల జనం ఆకలితో మాడుతున్నారు. మిగిలిన దారి ఒక్కటే, గడ్డకట్టిన సరస్సు. దాని మీదుగా పిండి బస్తాలు తెచ్చే ఒక లారీ డ్రైవరు మీద అత్తమ్మకు మమకారం కలిగింది. మా ఆయన కూడా మిర్చి లోడుతో లారీ తోలేవాడే. ఒకరోజు ఆమె తొడిమలు పక్కన పెట్టి చేతులు జోడించింది.

"తల్లీ సమ్మక్కా, ఆ పిలగాడు మంచిగ ఇల్లు చేరితే నిలువెత్తు బంగారం ఇస్త."

మేడారంలో బంగారమంటే బెల్లం. మనిషి బరువుకు సరితూచి మొక్కు చెల్లిస్తాం.

"ఎప్పటి ముచ్చటో అది అత్తమ్మా," అన్నాను నవ్వుతూ.

"నువ్వు ఇయ్యాల చదువుతానవ్ గదా బిడ్డా. నాకు ఆ పిలగాడు ఇంక తొవ్వలనే ఉన్నడు."

నా నవ్వు ఆగిపోయింది. ఈ పుస్తకాల మీద నాకున్న పిచ్చేమిటో మా ఆయనకు నేనెన్నడూ ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను.

మర్నాడు పొద్దున కూర ఉడుకుతుండగా ఇంకా చదవని పేజీలు తిరగేశాను. మంచు పగిలింది. డ్రైవరు లారీతో సహా మునిగిపోయాడు. మా ఆయనకు చెప్పాను.

"బతికిండని చదువు. ఆమెకేం ఎర్కైతది? ఉత్తగ ఫికర్ పెట్టకు," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. నవల అయితే ఏమో గానీ, అతను నిజంగా బతికిన మనిషి, నిజంగా చనిపోయాడు. రచయిత ఎంతో వెతికి ఆ చావును బయటికి తెస్తే, నేను మా దుకాణం వెనక కూర్చుని దాన్ని మాయం చేస్తానా? అత్తమ్మ తట్టుకోగలదు, నాకు తెలుసు.

మధ్యాహ్నం ఉన్నదున్నట్టు చదివాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎనక లారీలు?" అని అడిగింది.

"తొవ్వ మార్చుకొని పోయినయ్. పిండి ఊరికి చేరింది."

"తిన్నరా?"

"తిన్నరు అత్తమ్మా."

ఆమెవి మిర్చి చేతులు. కళ్లు నేనే తుడిచాను.

జాతర దగ్గరపడగానే బెల్లం తెప్పించమంది.

"ఆయన ఇల్లు చేరలేదు గదనే అమ్మా, ఇంక మొక్కేంది?" అన్నాడు మా ఆయన.

"తిండి చేరింది. ఇచ్చుడే."

"మరి ఆయన బరువెంతో ఎట్ల తెలుస్తది?"

అత్తమ్మ తడుముతూ కొడుకు చేయి పట్టుకుని, బస్తాలు తూచే కాంటా దగ్గరికి తీసుకెళ్లింది.

"నువ్వు డ్రైవర్‌వే గదరా. ఎక్కు."

మా ఆయన చెప్పులు విప్పి ఎక్కాడు.